నాన్న ప్రార్థనలో వాళ్ల ఫ్రిజ్

మొన్న సాయంత్రం కాన్వెంట్ జంక్షన్ దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నాను. సినిమా పోస్టర్లు అంటించే కుర్రాడొకడు బకెట్‌లోంచి చేత్తో మైదా బంక తీసి గోడకి పూస్తున్నాడు. అప్పుడే ఉడికించి తెచ్చినట్టున్నాడు, ఇంకా ఆవిరి వస్తోంది. ఆ వాసన తగిలేసరికి నేను ఎక్కాల్సిన బస్సు కళ్లముందు నుంచే వెళ్లిపోయింది.

ఉడికిన మైదా, అందులో చిటికెడు మైలుతుత్తం. నవంబరు ఆఖరి వారం వచ్చిందంటే విశాఖపట్నం మల్కాపురంలో మా ఇంటినిండా అదే వాసన. అమ్మ కిరసనాయిలు స్టవ్ మీద ఒక సొట్టగిన్నెలో బంక కలియబెడుతుంటే నాన్న అరుగు మీద కూర్చుని వెదురు బద్దలు చీల్చేవారు. క్రిస్మస్ నక్షత్రం కోసం. మైలుతుత్తం వేస్తే బొద్దింకలు కాగితం కొరకవని ఆయన నమ్మకం. అది విషమని, గిన్నె ముట్టుకోవద్దని అమ్మ మమ్మల్ని ఒకటే హెచ్చరించేది. బద్దలు పురికొసతో కట్టి, ఎరుపూ పసుపూ రంగు కాగితాలు అంటించి, లోపల బల్బు వేలాడదీసి, పొడుగాటి గెడకి కట్టి పెంకుల పైకి లేపేవాళ్లం. మా వీధిలో క్రైస్తవుల ఇళ్లు ఎన్నో ఆ నెల రోజులూ దూరం నుంచి చూసే లెక్కపెట్టొచ్చు. పక్కింటి హిందువుల పిల్లలు కూడా కాగితం కత్తిరించడానికి వచ్చేసేవారు. దీపావళి టపాకాయల్లో మాకు వాటా ఇచ్చినవాళ్లే వాళ్లు.

ఒక ఏడాది మా వీధి చివరి ఇంట్లో బజారు నక్షత్రం వెలిగింది. మడత విప్పితే చాలు, నక్షత్రం అయిపోతుంది. మందపాటి కాగితం, దానికి సన్నటి చిల్లులు, చిల్లుల వెనక రంగురంగుల జిగేలు. మా తమ్ముడు దాని కిందే నిలబడి చాలాసేపు చూసి ఇంటికొచ్చాడు. "నాన్నా, మనది ఎందుకు అలగ లేదు?" అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. బల్బు వైరు సరిచేస్తూ ఉండిపోయారు.

క్రిస్మస్ అంటే ఇప్పటికీ నాకు ముందు గుర్తొచ్చేది కేకూ కాదు, కొత్త బట్టలూ కాదు. తమ్ముడి ఆ ప్రశ్న. మా చర్చి జీవితంలో ఆ ప్రశ్న ఎన్ని వేషాల్లో తిరిగేదో చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

*

నాన్న షిప్‌యార్డ్‌లో వెల్డర్. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ మొదలుపెట్టిన యార్డు అది. తర్వాత హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది, ప్రభుత్వానిదయింది. కానీ అక్కడి జంక్షన్ పేరు ఇవాళ్టికీ సింధియాయే. నాన్న ఉద్యోగంలో చేరేనాటికి పాతవాళ్లు ఇంకా 'జల ఉష' కబుర్లు చెప్పుకునేవారట. 1948లో నెహ్రూ గారు వచ్చి నీటిలోకి వదిలిన ఓడ. ఆ రోజు జనంలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో కూడా చెప్పేవారట.

పొద్దున్నే యార్డు సైరన్ మోగేది. మల్కాపురం, గాంధీగ్రామ్, శ్రీహరిపురం అన్నీ ఆ మోతకే లేచేవి. అమ్మ క్యారేజీ కట్టి సైకిల్ హ్యాండిల్‌కి తగిలించేది. సందులోంచి మెయిన్ రోడ్డు ఎక్కేసరికి సైకిళ్ల గుంపు, బెల్లుల మోత. సాయంత్రం నాన్న చొక్కా నిండా నిప్పురవ్వలు కాల్చిన చిన్న చిన్న చిల్లులు. కొన్ని రాత్రులు వెల్డింగ్ వెలుగుకి కళ్లు మండి నిద్రపట్టేది కాదు. అమ్మ బంగాళాదుంప చక్రాలు కోసి కళ్లమీద పెట్టేది. ఆ చక్రాలు జారకుండా వెల్లకిలా పడుకునే ఆయన కుటుంబ ప్రార్థన చేసేవారు.

ఓడ నీళ్లలోకి దిగే రోజు పండగ. జెండాలు, బ్యాండు, పెద్ద పెద్దవాళ్లు. గ్రీజు పూసిన వాలు మీంచి ఓడ మెల్లగా మొదలై ఒక్కసారిగా జారి వెళ్లిపోతుంటే ఒళ్లు జలదరించేది. ఒకసారి నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని ఓడ అడుగు వైపు వేలు చూపించారు. "అదిగో, ఆ పొట్ట కాడ అతుకులు మేం వేసినవే" అన్నారు. నాకు పెయింటు తప్ప ఏమీ కనబడలేదు. "ఎక్కడ నాన్నా?" అంటే, "కనబడకూడదు. కనబడితే నీళ్లొచ్చేస్తాయి" అన్నారు. అతుకు సరిగ్గా పడిందా లేదా అన్నది పరీక్ష చేసేవాళ్లకీ, వేసినవాడికీ తెలిస్తే ఆయనకి చాలు. ఆ తృప్తి ఆయన మొహంలో ఉండేది. యార్డులో తన పనిని ఇంకొకరి పనితో పోల్చుకుని బాధపడగా నేను ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

చర్చిలో మాత్రం చూశాను.

*

మా గుడిలో ఆదివారం ఆడవాళ్లంతా తెల్లచీరలే. పాత మిషన్ అలవాటు. చీరకీ చీరకీ తేడా తెలియకూడదనే పెట్టారని పెద్దవాళ్లు చెప్పేవారు. కానీ తెల్లచీరల్లో కూడా నూలేదో, మల్లేదో, జరీ అంచేదో కళ్లు పట్టేసేవి. ఆరాధన అయ్యాక కార్యదర్శి గారు చందా పుస్తకం చదివేవారు. పేరూ, మొత్తం. పెద్ద మొత్తాలు ముందు. మా నాన్న పేరు వచ్చేసరికి పిల్లలు అప్పటికే చెప్పుల దగ్గరికి పరిగెత్తేవారు. ఓవర్‌టైమ్ లేని నెలల్లో ఆ పేరు ఇంకా కిందికి జారేది. అమ్మ తలవంచుకుని బైబిల్ సంచి బొత్తాం పెడుతూ తీస్తూ ఉండేది.

కోత పండుగైతే మరీను. మేమంతా పరిశ్రమల మధ్య బతికే జనం, కోతలు ఎక్కడివి? అయినా గాజువాక వెళ్లి గుమ్మడికాయలు, అరటిగెలలు కొని తెచ్చేవారు. కొందరు పెంచిన కోడిని తెచ్చేవారు. వేటకి వెళ్లే కుటుంబాలు పెద్ద వంజరం చేప తెచ్చి బల్లమీద పెట్టేవి. అన్నీ వేలం. ఒక్క కొబ్బరికాయే ముగ్గురు పాడుకుని, తిరిగి దేవునికే ఇచ్చేసి, మళ్లీ వేలానికొచ్చేది. ఎక్కువ పాడినవాళ్లకి గట్టిగా "స్తోత్రం!" అని కేక.

అమ్మ పెరట్లో కాసిన ఆనపకాయ ఒకసారి ఇచ్చింది. లేతది, కొంచెం వంకర. దాన్ని ఎత్తి పట్టుకుంటే ఎవరూ పాడలేదు. రెండోసారి అడిగారు. పంకాల చప్పుడు తప్ప ఏమీ లేదు. నాన్న చెయ్యి ఎత్తబోతే అమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది. మన కాయ మనమే పాడుకోవడం ఇంకా సిగ్గు. అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలి గొంతు, "రూపాయి పావలా" అంది. బైబిలమ్మమ్మ. ఆవిడ మిషన్ కాలంలో బైబిల్ ఉమన్‌గా ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. గుడి వెనక ఒంటిగది. ఆ రూపాయి పావలా ఆవిడకి ఎంతో మా అందరికీ తెలుసు. "స్తోత్రం" అని ఎవరూ అనలేదు. కాయ ఒళ్లో పెట్టుకుని తర్వాతి వేలం చూస్తూ కూర్చుంది.

సువార్తలో ఒక పేద విధవరాలు ఉంది, కానుకపెట్టెలో రెండు కాసులే వేసినావిడ. అందరికంటే ఎక్కువ ఇచ్చింది ఆవిడేనని యేసు అన్నాడు. ఆవిడ కథ మేం ఏటా సండే స్కూల్లో వల్లె వేసేవాళ్లం. అదే గుడిలో, అదే బల్ల ముందు, మొత్తాలు గట్టిగా చదివేవాళ్లం. పిల్లలకి ఆ రెండూ పొసగకపోవడం ఇట్టే తెలుస్తుంది. పెద్దవాళ్లు అలవాటుపడిపోతారు.

*

డిసెంబరు 31 వాచ్ నైట్, కొత్త ఏడాది కోసం మేలుకుని చేసే ఆరాధన. రాత్రి పన్నెండుకి హార్బర్లో ఓడలన్నీ ఒక్కసారిగా హారన్లు కొట్టేవి. ఆ మోత ఆగాక పాస్టరు అయ్యగారు వాగ్దాన కార్డుల పళ్లెం పట్టుకుని వచ్చేవారు. కళ్లు మూసుకుని ఒకటి తియ్యాలి. ఆ ఏడాదికి దేవుడు నీతో చెప్పే మాట అది.

తమ్ముడికి యిర్మీయా ప్రవక్త మాట వచ్చింది, 'సమాధానకరమైన ఉద్దేశములు' అన్నది. చుట్టూ గులాబీల బొమ్మ. నాకు 'శ్రమయందు ఓర్పు గలవారై' వచ్చింది. బొమ్మ కూడా లేదు, ఒక ఎండిన కొమ్మ. నేను ఏడుపు మొహం పెట్టాను. బయట ఆవరణలో అందరూ కార్డులు తిప్పి తిప్పి చూపించుకుంటున్నారు. "నీకేటొచ్చింది? నీకేటొచ్చింది?" ఒకమ్మాయికి ఆశీర్వాదాల వచనం వస్తే వాళ్లమ్మ దాన్ని అప్పుడే బ్లౌజులో దాచుకుంది. దేవుడి నోటి మాటలకి కూడా మేం మార్కులు వేసుకున్నాం.

బైబిలమ్మమ్మ నా కార్డు అడిగి తీసుకుని, కళ్లద్దాలు పైకి జరిపి, పైకే చదివింది. మొత్తం చదివింది. "నిరీక్షణగలవారై సంతోషించుచు, శ్రమయందు ఓర్పు గలవారై, ప్రార్థనయందు పట్టుదల కలిగియుండుడి. నీకు మూడు ఇచ్చాడు కదే. మధ్యదొక్కటే చూస్తన్నావు" అంది.

*

నాన్నా, చిన్నాన్నా ఒకే ఊరివాళ్లు, బొబ్బిలి వైపు. మాకు రక్తసంబంధం కాదు గానీ చిన్నాన్న అనే పిలిచేవాళ్లం. ఇద్దరూ ఒకే రైల్లో విశాఖపట్నం వచ్చి, ఒకే గదిలో వండుకుని, ఒకే గుడిలో చేరారు. స్టీల్ ప్లాంట్ ఉద్యోగాలు పడ్డప్పుడు ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. చిన్నాన్నకి వచ్చింది. నాన్నకి రాలేదు. ఎందుకు రాలేదో మాకు ఎప్పటికీ తెలియలేదు.

తర్వాత కొన్నాళ్లకి వాళ్లకి ఉక్కునగరంలో క్వార్టర్ వచ్చింది. గృహప్రవేశ ప్రార్థనకి కూర్మన్నపాలెం గేటు దగ్గర బస్సు దిగి లోపలికి వెళ్లాం. వెడల్పాటి రోడ్లు, రెండువైపులా చెట్లు, గోడలకి కొత్త సున్నం వాసన. కుళాయి తిప్పితే నీళ్లు. వంటింట్లో లేత నీలం రంగు ఫ్రిజ్. పిన్ని తలుపు తీస్తే లోపల లైటు వెలిగింది. తమ్ముడు మళ్లీ మళ్లీ తీసి మూశాడు. మాకు చల్లటి నీళ్లు స్టీలు గ్లాసుల్లో ఇచ్చింది. గ్లాసు బయట చెమట పట్టింది. నేను వేలితో దానిమీద నా పేరు రాశాను.

తిరుగు బస్సులో గాజువాక దాటేదాకా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ తర్వాతి ఆదివారం చిన్నాన్న సాక్ష్యం చెప్పారు, అంటే దేవుడు తమకి చేసిన మేలు సంఘం ముందు నిలబడి చెప్పడం. మంచి మనిషి, కల్లాకపటం లేదు. కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పారు. "నేనూ నా భార్యా ఉపవాసముండి ప్రార్థన చేశాం. దేవుడు నమ్మదగినవాడు. అడిగింది ఇచ్చాడు." సంఘమంతా హల్లెలూయా అంది. నాన్న కూడా అన్నారు.

ఆ రాత్రి మేం నిద్రపోయామనుకుని అమ్మ అడిగింది. "మనం ఉపవాసం ఉండలేదా? మనం అడగలేదా?"

ఉద్యోగం రాకపోతే మామూలు మనిషికి ఒక బాధే. విశ్వాసికి దానిమీద ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. వాళ్లని ప్రేమించినంత దేవుడు నన్ను ప్రేమించలేదేమో అని. వీధిలో పక్కింటివాడి స్కూటర్ చూస్తే కడుపు మండుతుంది, కాసేపటికి ఆరుతుంది. అదే స్కూటర్ గుడిలో సాక్ష్యంగా వస్తే అది మన మీద తీర్పులా వినబడుతుంది. చెప్పేవాళ్లకి ఆ ఉద్దేశం ఉండదు. వినేవాళ్లకి గుచ్చుకుంటుంది. సంఘంలో పోలిక బయటి పోలిక కంటే లోతుగా దిగడానికి కారణం ఇదేనని నేను నమ్ముతాను. ఇక్కడ కొలిచేది వస్తువుని కాదు, దేవుడి మనసుని.

*

అమ్మ ఈ సంగతి బైబిలమ్మమ్మ దగ్గర ఎత్తింది. ఆవిడ సండే స్కూలు పిల్లలకి చెప్పినట్టే చెప్పింది, నేను పక్కనే చింతపిక్కలు ఆడుకుంటూ విన్నాను.

యోహాను సువార్తలో కథ. తిబెరియ సముద్రం ఒడ్డు. తెల్లారుజాము. నిప్పులమీద చేప కాలుతోంది. చేపంటే మల్కాపురం పిల్లలకి చెప్పక్కర్లేదు కదా, మాకు ఆ కథలో పొగ వాసన కూడా వచ్చేది. శిష్యుడు పేతురుని యేసు ముమ్మారు అడిగాడు, ప్రేమిస్తున్నావా అని. నా గొర్రెల్ని మేపు అన్నాడు. ఆ వెంటనే ఇంకో మాట చెప్పాడు. ముసలివాడివయ్యాక నీ చేతులు చాపుతావు, వేరొకడు నీ నడుం కట్టి నీకిష్టం లేని చోటికి మోసుకుపోతాడు అని. ఎలాంటి చావు చస్తాడో చెప్పాడన్నమాట.

"అంత మాట విన్నాక పేతురు ఏటి చేశాడు? వెనక్కి తిరిగాడు. ఇంకో శిష్యుడు యోహాను వస్తన్నాడు. ప్రభువా, యితని సంగతి ఏమగును అన్నాడు. నాకు ఇలగైతే మరి ఆడికో? అని. పేతురంతటోడికే తప్పలేదు, నీకు తప్పుద్దా?"

అప్పుడు యేసు జవాబు. "నేను వచ్చువరకు అతడుండుట నాకిష్టమైతే అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము." బైబిలమ్మమ్మ ఈ మాట గదమాయిస్తున్నట్టు చదివేది కాదు. బరువు మోస్తున్నవాడి తలమీంచి ఒక మూట దింపుతున్నట్టు చదివేది. యోహాను లెక్క నువ్వు మొయ్యక్కర్లేదు, అది నా దగ్గర ఉంది, నువ్వు రా అని. ఇంకో సంగతి కూడా చెప్పేది. ఈ మాట పట్టుకునే యోహాను చావడంట అని సహోదరుల్లో పుకారు లేచింది, ఆ సువార్తలోనే రాసుంది. "చూశావా, ఆ రోజుల్లోనే ఒకరి వాటా గురించి ఇంకొకరు కథలు అల్లీసీవోరు."

అదే ఊపులో మా ఊరి కథ ఎత్తుకునేది. 1805లో లండన్ మిషన్ వాళ్లు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి తోడుగా సువార్తల్ని తెలుగులోకి తెచ్చే పనిలో పడ్డారు. 1810 ముగిసేలోగా ఇద్దరూ చనిపోయారు. వాళ్లు పనిచేసిన సువార్తలు బెంగాల్‌లోని సేరంపూర్‌లో అచ్చయింది 1812లో. అచ్చుకాగితం వాళ్లు చూడనే లేదు. అదే సేరంపూర్‌లో విలియం కేరీ 1834 దాకా బతికి ఎన్నో భాషల్లో బైబిళ్లు అచ్చువేయించాడు, ఆయన పేరు ప్రపంచమంతా తెలుసు. "మన ఊరికొచ్చినోళ్ల పేర్లు మన గుడిలోనే ఎవరికీ తెలీదు. మరి వాళ్లు తక్కువా?" అని అడిగి, జవాబు కోసం మా మొహాలు ఒక్కొక్కటే చూసేది.

అమ్మ అప్పటికి శాంతించి, "పోనీలెండి అమ్మమ్మా. మా వెనక లైన్లో రిక్షా తొక్కే వాళ్లని చూస్తే మేం నయం. వాళ్లలాగ లేం, అందుకు వందనాలు" అంది. మనందరం అనుకునే మాటే కదా. పైవాళ్లని చూసి ఏడవకు, కిందివాళ్లని చూసి తృప్తిపడు అని పెద్దలు మనకి నేర్పిన మాటే.

బైబిలమ్మమ్మ ఒక్కసారిగా గంభీరమైపోయింది. "ఆ మాట అనకు. అది యేసు చెప్పిన కథలో పరిసయ్యుడి ప్రార్థన, తనే నీతిమంతుణ్ణనుకునే భక్తుడిది. పన్నులు వసూలు చేసే ఈ సుంకరిలాగ లేనందుకు వందనాలు అన్నాడు గుళ్లో నిలబడి. ఆ రిక్షా ఆయన పేదరికం దేవుడు నీకు ఓదార్పు కోసం పెట్టలేదు. ఆయనకి లేకపోడం చూసి నీకు కడుపు నిండితే, చిన్నాన్నకి ఉండడం చూసి నీకు కడుపు మండడం ఎక్కడికీ పోదు. రెండూ ఒకటే."

నాకు ఆ వయసులో పూర్తిగా ఎక్కలేదు. ఇప్పుడు ఎంతమంది బోధకుల్ని విన్నా, పోలిక గురించి ఇంత సూటిగా చెప్పినవాళ్లు తగల్లేదు.

*

నాన్న ఎవరి దగ్గరా ఏమీ ఎత్తలేదు. డెబ్బై మూడో కీర్తన చదువుకున్నారు. ఆయన పాత బైబిల్లో ఆ పేజీ అంచు నల్లబడి ఉంటుంది, వెల్డింగ్ చేసే వేళ్ల నూనె. 'నా పాదములు జారుటకు కొంచెమే తప్పెను' అని ఆ కీర్తన రాసిన ఆసాపు గుడిలో పాటలు పాడేవాడు, పాడించేవాడు. అలాంటివాడే పక్కవాళ్ల క్షేమం చూసి మత్సరపడ్డానని దేవుడికే చెప్పేశాడు. ఎందుకు చెప్పేశాడని నేను పెద్దయ్యాక నాన్నని అడిగితే, "లోపల పెట్టుకుంటే తుప్పు పట్టుద్ది" అన్నారు.

తర్వాత ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో నాన్న, "ప్రభువా, మా తమ్ముడికి ఇచ్చిన క్వార్టర్ కోసం వందనాలు. వాళ్ల పిల్లలకి చల్లటి నీళ్లు ఇచ్చే ఆ ఫ్రిజ్ కోసం వందనాలు" అన్నారు.

మేం కళ్లు తెరిచి ఒకరినొకరు చూసుకున్నాం. అమ్మ ఆమెన్ అనలేదు. తర్వాత గిన్నెలు సర్దుతూ విసుక్కుంది. "మన ఇంట్లో ప్రార్థనకి వాళ్ల ఫ్రిజ్ ఎందుకు?"

"నా నోటికి అలవాటవ్వాలి" అన్నారు నాన్న.

అలవాటవడానికి చాలాకాలం పట్టినట్టుంది. మొదట్లో ఆ వాక్యం దగ్గర ఆయన గొంతు ఆగేది. మింగుడుపడని మాత్రని నీళ్లతో దింపినట్టు కాస్త ఆగి చెప్పేవారు. పేరు మాత్రం వదిలేవారు కాదు. అందరినీ దీవించు అని మొత్తంగా అనేస్తే సులువు. ఆయన అలా అనలేదు. స్కూటర్ కొంటే స్కూటర్ పేరు, వాళ్ల అబ్బాయికి ఇంజినీరింగ్ సీటు వస్తే సీటు పేరు. నాకు ఆ ఏడాదే ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు. ఆ రాత్రి కూడా ముందు ఆ సీటుకి వందనాలు చెప్పి, తర్వాత నా తలమీద చెయ్యిపెట్టి, "నా కూతురికి ఏ దారి చూపిస్తావో చూపించు" అన్నారు. నాకు బాగా కోపం వచ్చింది. చెయ్యి మాత్రం బరువుగా, వెచ్చగా ఉంది.

అమ్మ ఎప్పటినుంచి ఆమెన్ అనడం మొదలుపెట్టిందో ఎవరూ గమనించలేదు.

*

అమ్మకి గుడిలో అన్నిటికన్నా ఇష్టమైనది పిడికిలి బియ్యం. ఎసట్లో పోసే ముందు ప్రతిసారీ ఒక గుప్పెడు తీసి డాల్డా డబ్బాలో వెయ్యడం. ఆదివారం స్త్రీల సమాజం వాళ్లు గుడి వాకిట్లో పెద్ద గంప పెడితే అందరూ అందులో పోసేవారు. సన్నబియ్యం, రేషను బియ్యం, పాతవి, కొత్తవి అన్నీ కలిసిపోయేవి. ఎవరివి ఎన్నో రాయడానికి పుస్తకం లేదు. పొయ్యగానే గంపలో చెయ్యిపెట్టి కలిపేసేది బైబిలమ్మమ్మ, ఎవరి కుప్ప వాళ్లకి కనబడకుండా. ఆ బియ్యం విధవరాళ్లకీ, మంచాన పడ్డవాళ్లకీ వెళ్లేది. ఆవిడకీ ఒక వాటా ఉండేది. ఆ అన్నం నేను తిన్నాను. కొన్ని మెతుకులు పలుకు, కొన్ని మెత్తన. ఒకే మంటమీద అన్నీ ఒకేలా ఉడకవు. ఆవిడ చింతకాయ పచ్చడి వేసుకుని సంతోషంగా తినేది.

ఆవిడ పోయాక కొన్నాళ్లు గంప నడిచింది. ఎప్పుడు ఆగిందో తెలియదు. గ్యాస్ పొయ్యిలు, కుక్కర్లు, అపార్ట్‌మెంట్లు వచ్చాయి. గుప్పెడు తీసే చెయ్యి మరిచిపోయింది.

*

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. ఆ గాలి గురించి విశాఖవాళ్లకి నేను చెప్పేదేముంది. కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోన్లు లేవు. ఉక్కునగరంలో ఆ చెట్లన్నీ పడిపోయాయని చిన్నాన్న వచ్చి చెప్పారు. అప్పటికి ఇద్దరూ రిటైరయ్యారు. మా పెంకులు ఎగిరిపోతే చిన్నాన్నే నిచ్చెన పట్టుకున్నారు, ఆ వయసులో.

తర్వాతి ఆదివారం గుడిలో సాక్ష్యాలు చెప్పడానికి చాలామంది సిద్ధపడి వచ్చారు. దేవుడు మా ఇల్లు కాపాడాడు, మా కారు మీద చెట్టు పడబోయి పక్కన పడింది అని. ముందు వరసలోనే రేకులన్నీ ఎగిరిపోయి, తడిసిన చీరతో వచ్చిన ఒకామె కూర్చుని ఉంది. అయ్యగారు ఆమెని చూశారు. ఆ రోజు సాక్ష్యాలు పెట్టలేదు. నలభై ఆరో కీర్తన అందరిచేతా కలిసి చదివించారు, 'దేవుడు మనకు ఆశ్రయమును దుర్గమునై యున్నాడు' అని. మనకు. చదవడం అయ్యాక మగవాళ్లని నాలుగు గుంపులు చేసి పైకప్పులు బాగుచెయ్యడానికి పంపించేశారు. నేను చూసిన ఆరాధనల్లో అంత నిండైనది ఇంకోటి లేదు.

*

నాన్న వెళ్లిపోయారు. చిన్నాన్న ఉన్నారు, చూపు మందగించింది. నేను మధురవాడ వైపు అపార్ట్‌మెంట్లో ఉంటున్నా ఆదివారం మాత్రం పాత గుడికే వెళ్తాను. సండే స్కూల్లో పెద్ద పిల్లల క్లాసు నాదే.

ఇప్పుడు సాక్ష్యం ఆదివారం దాకా ఆగదు. పొద్దున్న లేచి ఫోన్ చూస్తే స్టేటస్‌లో కొత్త కారు, కింద ఒక వచనం. వీసా స్టాంపు, కింద ఒక వచనం. మా క్లాసులో ఒక అమ్మాయికి ఈసారి ర్యాంకు రాలేదు. ఫ్రెండుకి వచ్చింది. "ఇద్దరం ఒకే చోట మోకరించాం ఆంటీ. తనకి ఇచ్చి నాకెందుకివ్వలేదు?" అంది. నా దగ్గర దానికి జవాబు లేదు. ఆ పిల్లకి లేనిపోని కారణాలు కల్పించి చెప్పడం నాకిష్టం లేదు. ఇద్దరం కూర్చుని డెబ్బై మూడో కీర్తన మొదటినుంచీ చదివాం. మత్సరపడితిని అన్న చోట ఆ అమ్మాయి ఆపింది. "ఇది బైబిల్లో ఉందా?" అంది. ఉంది అన్నాను. దాన్ని ఫోటో తీసుకుంది. నాన్న ఫ్రిజ్ సంగతి కూడా చెప్పాను. "ట్రై చేస్తాను గానీ ఈ వారం కాదు ఆంటీ" అంది. సరేనన్నాను.

మొన్న స్త్రీల సమాజం మీటింగ్‌లో రెండు విన్నపాలు రాసి ఇచ్చాం. పిడికిలి బియ్యం గంప మళ్లీ పెట్టాలని, కానుకల జాబితా పేర్లతో పైకి చదవడం మానాలని. గంపకి వెంటనే ఒప్పుకున్నారు, క్రిస్మస్ తర్వాతి ఆదివారం నుంచి మొదలు. రెండోదానికి మాత్రం, చదవకపోతే ఇచ్చేవాళ్లు తగ్గిపోతారేమోనని కొంతమంది పెద్దల టెన్షన్. జనవరి కమిటీలో మాట్లాడదాం అన్నారు. బైబిలమ్మమ్మ గంపలో బియ్యం కలిపిన సంగతి గుర్తున్న ఆడవాళ్లు ఇంకా నలుగురైదుగురున్నారు. వాళ్లని కూడా ఆ రోజు రమ్మని చెప్పాను.